బుడ్డోడి గుండీలు వాడినే పెట్టుకోనివ్వు

అమ్మలూ,

నిన్న ఫోన్లో నువ్వు చెప్పినవన్నీ రాత్రి పక్క మీద వాలాక ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. బుడ్డోడు ఎల్‌కేజీలో చేరి ఆరు వారాలవుతున్నా గేటు దగ్గర ఏడుపు మానలేదు. టిఫిన్ డబ్బా పంపింది పంపినట్టే తిరిగొస్తోంది. రెండుసార్లు నిక్కరు తడుపుకున్నాడు. పైగా రాతలో వెనకబడ్డాడని మిస్ డైరీలో రాసింది. నీ గొంతు వింటే వాడికంటే నీకే ఎక్కువ టెన్షన్‌గా ఉన్నట్టుంది. ఫోన్లోనే చెబుదామంటే మన మాటల మధ్య వాడి కేకలూ మీ కుక్కర్ కూతలూ తప్ప ఏమీ వినపడవు. అందుకే కాగితం తీశాను. తెనాలిలో 31 ఏళ్ళు చిన్న తరగతుల పిల్లల ముక్కులు తుడిచినదాన్ని. నువ్వు చెప్పిన నాలుగింటిలో నాకు కొత్తది ఒక్కటీ లేదు.

ముందు ఆ డబ్బా సంగతి చూద్దాం. నువ్వు ఖరీదైనదే కొన్నావు, నాలుగు వైపులా క్లిప్పులు, లోపల రబ్బరు రింగు. సంక్రాంతికి మీ ఇంటికొచ్చినప్పుడు దాని మూత తీయబోయి నాకే గోరు విరిగింది. నాలుగేళ్ళవాడు ఆ మూతతో కుస్తీ పట్టేలోపు భోజనాల గంట అయిపోతుంది. ఆయమ్మని అడుగుదామంటే ఆవిడ చుట్టూ అప్పటికే పదిమంది డబ్బాలు పట్టుకుని నిలబడి ఉంటారు. తల్లులు నా దగ్గరకొచ్చి ‘మా వాడికి తిండి సయించట్లేదు టీచర్’ అంటే నేను మొట్టమొదట అడిగేది ‘మూత ఎవరు తీస్తారమ్మా’ అనే. మామూలు స్టీలు డబ్బా, వదులు మూతది కొను. ఆదివారం పూట దాంట్లో నాలుగు మరమరాలు పోసి, ఆటలాగా పదిసార్లు తీయించు, పెట్టించు.

రెండోది, ఇంట్లో అత్తయ్యగారు ఫోన్ చూపిస్తూ ముద్దలు కలిపి పెడతారు. స్కూల్లో ఫోనూ ఉండదు, ముద్ద పెట్టే చెయ్యీ ఉండదు. వాడు ఏం చెయ్యాలి? అలాగని ఆవిడతో గొడవపడకు, ఆవిడ ప్రేమ ఆవిడది. వాడి కంచం మీ కంచాల పక్కనే పెట్టి, మొదటి నాలుగు ముద్దలు వాడే తినాలి, తర్వాతవి నానమ్మ పెడుతుంది అని ఒప్పందం చెయ్యి. వారం తర్వాత నాలుగుని ఎనిమిది చెయ్యి. కింద పడితే పడనీ, పాత పేపరు పరుచుకో. పెరుగన్నంతో మాత్రం మొదలుపెట్టకు, ఇల్లంతా పూస్తాడు. ఇడ్లీ, చపాతీ ముక్కలు, ఉడకబెట్టిన చిలగడదుంప, ఇవైతే చేతికి పట్టు దొరుకుతుంది.

నిక్కరు తడుపుకున్నాడని నువ్వు సిగ్గుపడుతున్నావు. ఎందుకు? వాడి యూనిఫాం ఒకసారి చూడు. బెల్టు, హుక్కు, జిప్పు, లోపల టక్ చేసిన చొక్కా. ఇన్ని తాళాలు తీసుకునే వ్యవధి వాడికి ఎక్కడ ఉంటుంది? నడుముకి ఎలాస్టిక్ ఉన్న నిక్కరు వేస్తానని మిస్‌కి చెప్పు, చాలామంది ఒప్పుకుంటారు. ఇంకోటి, మీ ఇంట్లో వాడు ‘సుస్సు’ అంటాడు. స్కూల్లో ఏమనాలో వాడికి తెలియదు. ఇంగ్లీషులో అంత పొడుగు వాక్యం గుర్తొచ్చేలోపు పని అయిపోతుంది. చిటికెన వేలు చూపిస్తే పంపిస్తారా అని అడిగి, అదే వాడికి నేర్పు. మీ ఫ్లాటులో కమోడ్ కదా, అక్కడ ఏ రకం ఉందో ఒకసారి కళ్ళారా చూసిరా. కొత్తరకం దొడ్డి చూసి భయపడి మధ్యాహ్నం దాకా బిగబట్టుకునే పిల్లల్ని నేను ఏటా చూశాను. బ్యాగులో ఒక జత బట్టలు కవర్లో పెట్టి, అవి ఎక్కడున్నాయో వాడికే చూపించు. తడిస్తే తిట్టకు, ఆ ఊసే ఎత్తకు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను, మీ అన్నయ్యకి చెప్పకు. తరగతిలో నలభై మందికి బూట్ల లేసులు కట్టుకోవడం నేర్పిన నేను, ఇంట్లో మీ అన్నయ్యకి మాత్రం అయిదో తరగతి దాకా నేనే కట్టాను. ఏడున్నరకి బస్సు అందుకోవాలి. వాడు కట్టుకుంటే నాలుగు నిమిషాలు, నేను కడితే అర నిమిషం. ఆ మూడున్నర నిమిషాలకి కక్కుర్తిపడ్డాను. హాస్టల్లో చేరిన మొదటి నెలలో వాడు లేసులు ముడేసి, ఆ ముడి విప్పకుండానే బూట్లు తొడుక్కునేవాడట. మనం పిల్లల పనులు చేసిపెట్టేది ఎప్పుడూ ప్రేమతోనే అనుకుంటాం, సగం తొందరతో. అందుకని నువ్వు పొద్దున పావుగంట ముందు లే. బుడ్డోడు గుండీ పెట్టుకుంటున్నప్పుడు నీ చేతులు వెనక్కి కట్టుకో. నిజంగానే కట్టుకో, లేకపోతే అవి ఊరుకోవు.

నేర్పడానికి ఒక ఉపాయం ఉంది. ఏ పనైనా చివరి నుంచి నేర్పాలి. జిప్పు నువ్వు పట్టించి సగం దాకా లాగి, పై సగం వాడిని లాగమను. ‘నేనే వేసుకున్నా’ అని వాడికి అనిపిస్తుంది. రెండు రోజులయ్యాక ముప్పావు వంతు వాడికి వదులు. చివరికి పట్టించడం కూడా వాడిదే అవుతుంది. గుండీలు కింది నుంచి పెట్టమను, కింది గుండీ వాడి కంటికి కనపడుతుంది, మెడ దగ్గరిది కనపడదు. చెప్పులు కుడీ ఎడమా తారుమారైతే ఏనుగు బొమ్మ స్టిక్కరొకటి నిలువునా రెండు ముక్కలు చేసి, రెండు చెప్పుల లోపల అంటించు. పక్కపక్కన పెడితే ఏనుగు పూర్తిగా కనపడాలి, అంతే. మా బడిలో ఇది వెయ్యిరూపాయల బొమ్మలకన్నా బాగా పనిచేసింది.

గేటు దగ్గర ఏడుపుకి మందు ఒకటే. వాడు అటు తిరగగానే దొంగచాటుగా జారుకోకు. అలా ఒక్కసారి చేస్తే, మర్నాటి నుంచి నీ చున్నీ వదలడు. ‘వెళ్తున్నా, నువ్వు అన్నం తిని, పడుకుని లేచాక వస్తా’ అని చెప్పి, ముద్దు పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చెయ్. ‘మూడింటికి వస్తా’ అంటే వాడికి మూడు అంటే ఏంటో తెలియదు. చెప్పిన టైముకి మాత్రం కచ్చితంగా వెళ్ళు. మీ ఆయన్ని పంపితే ఆ సంగతి పొద్దునే చెప్పు.

పొద్దున పేచీ గురించి నువ్వు చెప్పలేదు గానీ నేను ఊహించగలను. మీ ఇంట్లో పదకొండు దాకా లైట్లు ఆరవు. ఆరున్నరకి వాణ్ణి లేపుతావు. అంటే ఏడున్నర గంటల నిద్ర. మూడు నాలుగేళ్ళ పిల్లలకి పగటి కునుకుతో కలిపి రోజుకి 10 నుంచి 13 గంటల నిద్ర ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫోనూ టీవీ కలిపి గంటకు మించకూడదు, తక్కువైతే ఇంకా మంచిదని కూడా అందులోనే ఉంది. వాడు మొండి కాదమ్మా, వాడికి నిద్ర చాలట్లేదు. ఎనిమిదిన్నరకి వాడి గదిలో లైటు తీసెయ్యి, మీ సీరియల్ ఏదైనా సరే.

ఇక రాత. దీని గురించే నీకు ఎక్కువ దిగులు, నాకు తక్కువ. బలపం పట్టే వేళ్ళకి ముందు బలం రావాలి. ఆ వయసుకి మణికట్టులోని చిన్న ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు. మూడేళ్ళకి సున్నా చుడతారు, నాలుగేళ్ళకి కూడిక గుర్తు గీస్తారు, త్రిభుజం సరిగ్గా వచ్చేసరికి అయిదేళ్ళు దాటుతుంది. అలాంటిది మనం మొదటిరోజే ఇంగ్లీషులో ‘ఏ’ దిద్దిస్తాం, అందులో రెండు ఏటవాలు గీతలు. తెలుగులో ‘అ’ దిద్దిస్తాం, అందులో ఎన్ని వంపులో చూడు. వరస అని అన్నిటికన్నా కష్టమైనవి ముందు పెట్టాం. అక్షరాభ్యాసం రోజు బియ్యంలో వేలు పట్టించి రాయించాం కదా, ఆ పళ్ళెం మళ్ళీ దింపు. బియ్యంలో వేలితో సున్నాలు, గీతలు. తర్వాత ‘ర’, ‘గ’, ‘ద’. మధ్యాహ్నాలు అత్తయ్యగారి పక్కన కూర్చోబెట్టి బఠాణీలు ఒలిపించు, చిక్కుడుకాయల ఈనెలు తీయించు, పూరీ పిండిలో చిన్న ముద్ద ఇచ్చి నలపమను. కాపీ పుస్తకం చేయలేనిది బఠాణీ చేస్తుంది. ఎడమ చేత్తో పట్టుకుంటున్నాడని విన్నాను, పట్టుకోనీ. మీ మామగారు ఏమన్నా సరే మార్చకు.

లెక్కలూ అంతే. వాడు వంద దాకా గడగడా చెప్తాడని మురిసిపోయావు, మంచిదే. ‘మనం అయిదుగురం, అయిదు గ్లాసులు తే’ అను. తెచ్చాడా లేదా చూడు. తేకపోతే కంగారు పడకు, రోజూ రాత్రి కంచాలు పెట్టే పని వాడికి అప్పగించు. ఒక కంచం తక్కువైతే వాడే తెలుసుకుంటాడు.

కథలు చెప్పడం ఆపకు, తెలుగులోనే చెప్పు. స్కూల్లో ఇంగ్లీషు కదా, ఇంట్లోనూ అదే మాట్లాడితే వాడికి త్వరగా వస్తుందని ఎవరో నీతో అన్నారట. చెప్పుకోవడానికి మాటలున్న పిల్లాడే రెండో భాషలోనూ మాట్లాడతాడు. ‘ఇవాళ ఏం నేర్చుకున్నావ్’ అని మాత్రం అడక్కు, ‘ఏం లేదు’ అంటాడు. నీ పక్కన ఎవరు కూర్చున్నారు, ఎవరు ఏడ్చారు, ఎవరి డబ్బాలో ఏముంది, ఇలా అడుగు. అరగంట మాట్లాడతాడు.

మిస్‌తో మాట్లాడేటప్పుడు ఒక మాట. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే పునాది దశ అంది, ఆటతోనే నేర్పమంది. అదే ఏడాది వచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ రెండో తరగతి దాకా హోంవర్కు వద్దంది. ఇవి చదివి ఆవిడ మీదకి యుద్ధానికి వెళ్ళకు. ఆవిడ మీద ప్రిన్సిపాల్ ఒత్తిడి, ప్రిన్సిపాల్ మీద ‘పక్క స్కూల్లో ఇప్పుడే వాక్యాలు రాయిస్తున్నారు’ అనే తల్లిదండ్రుల ఒత్తిడి. నేనూ ఆ కుర్చీలో కూర్చున్నదాన్నే. నాలుగు పేజీలకి బదులు ఒకటే రాయిస్తాను, మిగతా టైములో పిండి ముద్దలు చేయిస్తాను అని నవ్వుతూ చెప్పు. రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్‌లో అడక్కు. వాడికి స్కూల్లో ఏది ఇష్టంగా ఉందో అడుగు. ఆ ప్రశ్న ఆవిణ్ణి అడిగేవాళ్ళు తక్కువ.

ఒకేసారి అన్నీ మొదలుపెట్టకు. ఈ వారం డబ్బా మూతా, నిద్రా. వచ్చే వారం నిక్కరూ, నాలుగు ముద్దలూ. రాత సంగతి దసరా సెలవులయ్యాక చూద్దాం.

ఆదివారం పదింటికి వీడియో కాల్ చెయ్యి. వాడి చొక్కా గుండీలు వాడే పెట్టుకుంటుంటే నేను చూడాలి. మధ్యలో నీ చెయ్యి కనపడితే ఫోన్ పెట్టేస్తా.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ