సినిమా తారలే పిల్లల పుస్తకాలు వేసుకుంటుంటే, పర్లాకిమిడిలో కూర్చుని రాసేవాళ్ల కథలు ఎవరు వేస్తారు?

మాస్టారూ, మీరు అడిగింది ఇదీ: పేరున్న నటి ఒక కథ చెబితే పెద్ద సంస్థలు వెంటనే రంగుల్లో అచ్చేస్తున్నాయి, ఒడిశా సరిహద్దులోని మన పర్లాకిమిడిలో ఏళ్ల తరబడి తెలుగులో పిల్లల కథలు రాస్తున్నవాళ్లకు మాత్రం "అందింది" అన్న జవాబు కూడా రావడం లేదు, ఇక రాయడం దేనికి అని. మీ బాధ న్యాయమైనదే. రాసేవాళ్లలో చాలామందికి ఇదే బాధ ఉంది. దాని మూలం ఎక్కడుందో తెలుసుకుంటే మన పని ఎక్కడుందో కూడా తెలుస్తుంది.

మన దేశంలో కరణ్ జోహార్ 2020లో, సోహా అలీ ఖాన్, కునాల్ ఖేమూ దంపతులు 2022లో, ఆలియా భట్ 2024లో పిల్లల పుస్తకాలు తెచ్చారు. బయటి దేశాల్లో ఇది ఇంకా పాతది, మడోన్నా 2003లోనే మొదలుపెట్టారు. సంస్థల లెక్క సులువుగానే అర్థమవుతుంది. కొత్త రచయిత పుస్తకం వేస్తే ముందు ఆ రచయిత ఎవరో జనానికి చెప్పాలి, దానికి డబ్బూ కాలమూ కావాలి. తారకు ఆ పని సినిమాలు ముందే చేసిపెట్టాయి. అందుకని ప్రచారానికి ఉన్న సొమ్ము, దుకాణం ముందు బల్ల, పత్రికల్లో ఇంటర్వ్యూలు అన్నీ ఆ ఒక్క పుస్తకం చుట్టూ చేరతాయి. అదే నెలలో వచ్చిన మిగతా పుస్తకాలకు జాబితాలో ఒక వరుస దక్కుతుంది. రచయితలకు అసలు నష్టం ఇక్కడే జరుగుతోంది. తార రాయడం వల్ల మన కథ చెడిపోదు, మన కథ వచ్చిందన్న సంగతి ఎవరికీ తెలియకుండా పోతుంది. ఇంకొక అన్యాయమూ ఉంది. కొన్ని పుస్తకాల్లో రాత వేరొకరిది. వాళ్లకు ఒకేసారి కొంత మొత్తం ఇస్తారు, అట్ట మీద పేరుండదు, తర్వాత ఎన్ని ప్రతులు అమ్ముడైనా రాయల్టీ రాదు. అలాంటి పని మీ దగ్గరికొస్తే, లోపలి పేజీలోనైనా పేరు వేయాలని రాతపూర్వకంగా అడగండి.

పేరున్నవాళ్లందరినీ ఒకే గాట కట్టడం కూడా సబబు కాదు. నటి జూలీ ఆండ్రూస్ 1971 నుంచి పిల్లల కోసం రాస్తున్నారు, అది సరదా పని కాదు. మన బరంపురంలో పుట్టిన న్యాయపతి రాఘవరావు గారిని చూడండి. ఆయనకు 'రేడియో అన్నయ్య' అన్న పేరు పిల్లలతో పనిచేయడం వల్లే వచ్చింది. ఆ పేరుతోనే 1945లో మద్రాసు నుంచి 'బాల' పత్రిక నడిపారు. పేరు ఉండటంలో తప్పు లేదు, ఆ పేరు ఏ పని చేసి సంపాదించారన్నదే నేను చూస్తాను.

ఇక మన సంగతి. పైన చెప్పిన తారల పుస్తకాలు ఇంగ్లీషులో, పెద్ద ఊళ్ల దుకాణాల కోసం వచ్చినవి. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, వీధిలో రెండూ కలిపి మాట్లాడే గుణుపురం, రాయగడ, జయపురం పిల్లల కోసం ఏ తారా రాయడం లేదు. హైదరాబాదు రచయితలూ పెద్దగా రాయడం లేదు. గంజాం తీరంలో తెలుగు మాట్లాడే నోలియాల, అంటే చేపలు పట్టేవాళ్ల, పిల్లలున్నారు. వాళ్ల ఇళ్ల దగ్గరే, రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట, ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలకు వేలు వచ్చి గుడ్లు పెడతాయి. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలై, తర్వాత గుణుపురం దాకా నడిచిన చిన్న రైలు 2011లో బ్రాడ్‌గేజి అయ్యింది. బరంపురం ఠాకురాణి జాతరకు మూలం తెలుగు నేతవాళ్లే. పర్లాకిమిడిలో కొమ్ముతో కొంగలూ రొయ్యలూ చెక్కుతారు. వీటిలో ఒక్కొక్కటీ ఒక బొమ్మల పుస్తకానికి సరిపోతుంది, పక్కనుండి చూసి రాయగలిగినవాళ్లు మీరే.

కథను ముందు డమ్మీగా, అంటే కాగితాలు మడిచిన నమూనా పుస్తకంగా, చేయండి. నాలుగు ఎ4 కాగితాలు మధ్యకు మడిస్తే 16 పేజీలు వస్తాయి. 1వ పేజీ పేరుకి, 2వది ప్రచురణ వివరాలకి పోతే కథకు 14 పేజీలు మిగులుతాయి: 3వది ఒంటరిది, 4 నుంచి 15 దాకా ఆరు జంటలు, 16వది మళ్లీ ఒంటరిది. బేసి పేజీ కుడివైపు వస్తుంది. కాబట్టి "ఇప్పుడేమైంది?" అనిపించే వాక్యం బేసి పేజీ చివర ఉండాలి, జవాబు పేజీ తిప్పాక సరి పేజీలో కనబడాలి. ఈ ఒక్కటి సరిచూసుకోక ఎన్నో మంచి కథలు చప్పబడిపోతాయి, రహస్యం ప్రశ్న పక్కనే బయటపడిపోతుంది. పేజీకి 15 నుంచి 20 మాటలు చాలు, మొత్తం 210 నుంచి 280 వస్తాయి. సరిహద్దు పిల్లల్లో చాలామంది తెలుగు అక్షరాలు ఇంట్లోనే నేర్చుకుంటారు, బళ్లో చదివేది ఒడియా. అందుకని చిన్నవాళ్ల పుస్తకంలో ఒకే మాటలో రెండు ఒత్తులు రాకుండా చూడండి, అక్షరం 20 పాయింట్లకు తగ్గించకండి. "ప్రత్యక్షమయ్యింది" బదులు "వచ్చింది" అంటే కథకు నష్టమేమీ లేదు.

కథలు తిరిగిరావడానికి సాధారణంగా కనబడే కారణాలు మూడు నాలుగే. బొమ్మ చూపించేదాన్నే మాటల్లో మళ్లీ చెప్పడం ఒకటి: ఎర్ర లంగా బొమ్మలో ఉంటే వాక్యంలో అక్కర్లేదు. చివర నీతి రాయడం ఇంకొకటి. తారల పుస్తకాల మీద నాకున్న పెద్ద ఫిర్యాదు కూడా ఇదే, చాలావాటిలో కథ నీతి కోసం కట్టినట్టుంటుంది. మూడోది, సమస్యను పెద్దవాళ్లు వచ్చి తీర్చేయడం. తాబేలు పిల్లను సముద్రం దాకా చేర్చే దారి ఆ నోలియా పిల్లే కనిపెట్టాలి, అటవీశాఖ ఉద్యోగి కాదు. గట్టిగా చదివించి చూడండి. మీ బళ్లో ఒకరిద్దరు పిల్లల చేత చదివించి, ఎక్కడ తడబడ్డారో పెన్సిలుతో గుర్తు పెట్టండి. వాళ్లను "బాగుందా?" అని అడగొద్దు, మాస్టారు అడిగితే బాగుందనే అంటారు.

సవర, కోదు ఆదివాసీ పిల్లల మీద రాసేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి. వంటగాడిగా పేరొందిన జేమీ ఆలివర్ పిల్లల నవలను 2024లో అమ్మకం నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆస్ట్రేలియా ఆదివాసీ బాలికను చిత్రించిన తీరు తమను కించపరిచిందని అక్కడి ఆదివాసీ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. అచ్చుకు ముందు ఆ సమాజం వాళ్లెవరి చేతా చదివించలేదని బయటపడింది. అంత పెద్ద సంస్థే ఆ పని మరిచింది, మనం మరవకూడదు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉంటూ సవరల దగ్గరే వాళ్ల భాష నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు తయారుచేశారు. మన జిల్లాలో ఆ దారి ఎప్పుడో పడింది. ఇంటిపేర్లు, పండగలు, ఇంటి గోడల మీది బొమ్మలు, ఇవన్నీ ఆ ఊరివాళ్ల చేత సరిచూపించాకే పంపండి.

ఎక్కడికి పంపాలి? మొదటి మెట్టు పత్రికల పిల్లల పేజీలు. యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటరులోనైనా ఒకేలా కనబడే అక్షరాల్లో, టైపు చేయండి, కథ 250 మాటలు దాటకపోతే మేలు. ఇది సొంత రచనేనని, ఇంకెక్కడికీ పంపలేదని హామీపత్రం జత చేయండి. అది లేకపోతే చాలాచోట్ల చదవకుండానే పక్కన పెడతారు. పండగ కథ అయితే ఆరు వారాల ముందే చేరాలి. పుస్తకాలకైతే సికింద్రాబాదులోని మంచి పుస్తకం వారు పిల్లల పుస్తకాల కోసమే పనిచేస్తున్నారు. అమెరికా తెలుగువాళ్ల తానా సంస్థతో కలిసి పోటీలు కూడా పెట్టారు. నేషనల్ బుక్ ట్రస్ట్‌కు నెహ్రూ బాల పుస్తకాలయం వరుస ఉంది. చెన్నైలోని తూలిక ఒకే బొమ్మల పుస్తకాన్ని తెలుగుతో సహా అనేక భాషల్లో వేస్తుంది. పోటీ నిబంధన అడిగితే తప్ప మీ డబ్బుతో బొమ్మలు గీయించి పంపకండి. చిత్రకారుణ్ణి ఎంచుకునేది, పారితోషికం ఇచ్చేది సంస్థే. గీయించి పంపితే, కథ నచ్చినా బొమ్మలు నచ్చక వదిలేసే ప్రమాదం ఉంది.

పిల్లల కథలను ఉచితంగా చదివే, రాసే, అనువదించే వెబ్‌సైటు, ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్, 2015 నుంచి నడుస్తోంది. ఒడిశాలోని సవర, కుయి భాషల్లోనూ ఆ సంస్థ పుస్తకాలు వేసింది. ఒడియా, తెలుగు రెండూ చదవగలిగిన మీలాంటివాళ్లకు అక్కడ అనువాదం మంచి సాధన. సొంత కథ పెట్టే ముందు మాత్రం ఆలోచించుకోండి. అక్కడి బహిరంగ అనుమతి ప్రకారం పేరు చెప్పి ఎవరైనా మీ కథను వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా, రాయల్టీ ఉండదు. ఒకసారి ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోలేం. ఎంతో ఇష్టపడి రాసుకున్న కథను అచ్చు పుస్తకం కోసమే ఉంచుకోండి.

ఒప్పందం వచ్చినప్పుడు సంతోషంలో సంతకం పెట్టేయొద్దు. 1957 కాపీరైటు చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతలో ఉండాలి. కాలం రాయకపోతే 5 సంవత్సరాలే చెల్లుతుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. వేరే మాట రాసుకుని ఉంటే తప్ప, తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే ఆ హక్కు వాళ్ల చేతిలోంచి జారిపోతుంది. "అన్ని హక్కులూ, ఎప్పటికీ" అన్న వాక్యం కనిపిస్తే ఒడియా అనువాదం, ఆడియో, నాటకం హక్కులను విడిగా రాయించండి. బొమ్మల పుస్తకంలో రాయల్టీని రచయిత, చిత్రకారుడు పంచుకుంటారు, ఎవరికెంతో అంకెల్లో ఉండాలి. మీ దగ్గరే డబ్బు అడిగి, అచ్చుతో పాటు శాలువా, బిరుదు ఇస్తామనేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. వాళ్ల ఆదాయం పాఠకుల నుంచి రాదు, రచయితల నుంచే వస్తుంది.

సొంతంగా వేసుకోవాలనుకుంటే లెక్క ఇలా ఉంటుంది. డెమీ క్వార్టో సైజు, అంటే 8.5 × 11 అంగుళాలు, 16 పేజీల పుస్తకానికి 23 × 36 డబుల్ డెమీ కాగితం ఒక్కటి సరిపోతుంది, అదే ఒక ఫారం. 500 ప్రతులకు ఒక రీము, అంటే 500 కాగితాలు, తరుగు కింద ఇంకో వంద కాగితాలు. 130 జి.ఎస్.ఎం. (చదరపు మీటరుకు 130 గ్రాములు) ఆర్ట్ పేపరు అయితే రీము దాదాపు 35 కిలోలు తూగుతుంది. నాలుగు రంగులు, రెండు వైపులు, పెద్ద మిషను మీద 8 ప్లేట్లు, అంటే అచ్చు రేకులు. చిన్న మిషను మీదైతే 16 అవుతాయి, కాబట్టి ప్రెస్సులో ముందే ఏ మిషనో అడగండి. ప్లేట్ల ఖర్చు 100 ప్రతులకైనా 1000 ప్రతులకైనా ఒకటే. అందుకే 300 లోపు అయితే డిజిటల్ ప్రింటింగే నయం. దుకాణాలు, పంపిణీదారులు ధరలో 40 నుంచి 50 శాతం దాకా తీసుకుంటారు. వెల కనీసం అచ్చు ఖర్చుకు నాలుగు రెట్లు లేకపోతే రెండో ముద్రణకు డబ్బు మిగలదు.

ఎక్కువగా దెబ్బతినేది అక్షరాల దగ్గర. మీరు యూనికోడ్‌లో ఇచ్చినదాన్ని డి.టి.పి. వాళ్లు పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ కోసం 'అను' అనే ఫాంటులోకి మారుస్తారు. ఆ మార్పులో క్ష, జ్ఞ, రావత్తు, అరసున్నలు తారుమారవుతాయి. ఇన్‌డిజైన్‌లో అయితే వరల్డ్ రెడీ కంపోజరు అనే అమరిక ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోతాయి. బరంపురంలో కంపోజ్ చేసేవాళ్లకు తెలుగు చదవడం రాకపోవచ్చు, తప్పు వాళ్ల కంటికి ఆనదు. పి.డి.ఎఫ్.ను తెర మీద చూసి సరే అనొద్దు. కాగితం మీద తీయించి, కింది వాక్యం నుంచి పైకి చదవండి, అలా చదివితే కథలో పడకుండా అక్షరాన్నే చూస్తారు. బొమ్మలు అంగుళానికి 300 చుక్కలు (300 డి.పి.ఐ.), అచ్చుకు వాడే నాలుగు రంగుల పద్ధతిలో (సి.ఎం.వై.కె.) ఉండాలి, కటింగు కోసం చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనంగా వదలాలి.

పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య, ఐ.ఎస్.బి.ఎన్., ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో రచయితే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అట్ట వెనక్కి బార్‌కోడు చేరాలి కాబట్టి అచ్చుకు ముందే తెచ్చుకోండి. 1954 చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై, ముంబై, ఢిల్లీల్లో నిర్ణయించిన గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి పంపాలి. మామూలు పాఠకులకు పంపడానికి 2025 మే 1 నుంచి పోస్టాఫీసులో జ్ఞాన్ పోస్ట్ ఉంది: 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనం. పుస్తకం మీద ప్రచురణకర్త పేరో ముద్రాపకుడి పేరో ఉండాలి, వాణిజ్య ప్రకటనలు ఉండకూడదు. పైన చెప్పిన పుస్తకం అట్టతో కలిపి 95 గ్రాముల దాకా ఉంటుంది. మూడు పెడితే కవరు బరువుతో 300 దాటిపోవచ్చు, రెండేసి కట్టండి.