డొమినికన్ల ఇళ్ళలో కూడా రంగు పట్టింపు ఉంటుందా?

"మా తమ్ముడు న్యూయార్క్‌లో డొమినికన్ అమ్మాయిని చేసుకుంటున్నాడు. పిల్ల నల్లగా ఉందని అమ్మ ఒకటే సణుగుడు. లాటినోలు, అంటే లాటిన్ అమెరికా వాళ్ళు, అందరూ కలిసిపోయిన రక్తమే కదా, వాళ్ళవైపు ఇలాంటివి ఉండవేమో?" అని అడిగారు. ఉంటాయండి, బాగానే ఉంటాయి. కాకపోతే వాళ్ళ లెక్క వేరు.

నేను వాషింగ్టన్ హైట్స్‌లో ఫార్మసిస్టుని. మన్‌హటన్‌లో పైకొసన, వీధి వీధంతా డొమినికన్లే, అంటే కరీబియన్ దీవుల్లోని డొమినికన్ రిపబ్లిక్ వాళ్ళే. నా రంగు చామనచాయకి ఇంకో పిసరు కిందే. గుంటూరులో పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు స్వీటూ హాటూ తినేసి వెళ్ళి, "అమ్మాయి కాస్త రంగు తక్కువండీ" అని మధ్యవర్తితో కబురు పెట్టేవాళ్ళు. అదే నేను ఇక్కడ సెలూన్‌లో కూర్చుంటే, జుట్టు చేసే డొమినికన్ ఆవిడ నా జడ విప్పి, చేత్తో జారవిడుస్తూ, పక్కావిడని పిలిచి మరీ చూపించింది. "పెలో బ్వేనో", అంటే స్పానిష్‌లో మంచి జుట్టు! పక్క కుర్చీలో ఉన్న చిన్నపిల్ల నాకంటే రెండు మూడు ఛాయలు తెలుపు. ఒత్తుగా, దగ్గర దగ్గర రింగుల జుట్టు. తడిపి, పాయలు తీసి పెద్ద పెద్ద రోలర్లకి చుట్టి, డ్రయ్యరు కింద కూర్చోబెట్టారు. అది ఆరాక గుండ్రటి బ్రష్షుతో కుదుళ్ళ నుంచి లాగుతూ సెగ కొట్టారు. చెవి దగ్గరికి వచ్చినప్పుడల్లా పిల్ల భుజాలు పైకి ముడుచుకుంటోంది. "వాళ్ళ నాన్న జుట్టొచ్చింది, పెలో మాలో (చెడ్డ జుట్టు), ఏం చేస్తాం" అని అమ్మమ్మ ఆ పిల్ల ముందే అంటోంది. గుంటూరులో అయితే మా ఇద్దరిలో మార్కులు ఆ పిల్లకే పడేవి.

రంగుకి వాళ్ళు ఏదో ఒక సర్దుబాటు చెప్పుకుంటారు. గోధుమరంగు మనిషిని "ఇండియో" అంటారు, అంటే అక్కడి ఆదివాసీ అని, మన ఇండియా కాదు. గుర్తింపు కార్డుల్లో కూడా రంగు దగ్గర చాలాకాలం ఆ మాటే రాసేవారు. ఆఫ్రికా మూలాన్ని దాచనివ్వనిది జుట్టు. అందుకే చూపు ముందు అక్కడికి పోతుంది. దీని వెనక రాజకీయం కూడా ఉంది. 1930 నుంచి 1961 దాకా ఆ దేశాన్ని ఏలిన నియంత త్రుహియో మొహానికి పౌడరు పూసుకుని తెల్లగా కనబడాలని తాపత్రయపడేవాడు. తల్లివైపు పక్కదేశం హైతీ రక్తం ఉన్నవాడే. 1937లో సరిహద్దులో వేలాది హైతీయుల్ని చంపించిందీ ఆయనే. హైతీ అంటే నలుపు, మనం అది కాదు అని ఒక తరమంతటికీ నూరిపోశాడు. అది ఆయనతో పోలేదు.

లాటినోలంతా ఒకటే అని మాత్రం అనుకోకండి. మెక్సికోలో ఈ చిన్నచూపు ఎక్కువగా అక్కడి ఆదివాసీ పోలికల మీద పడుతుంది. వహాకా రాష్ట్రం నుంచి వచ్చిన ఆదివాసీ నటి యలిట్జా అపారిసియోకి 2019లో ఆస్కార్ ఉత్తమ నటి నామినేషన్ వస్తే, సొంత దేశపు నటీనటుల్లోనే కొందరు నోరుపారేసుకున్నారు. సీరియల్స్‌లో కథానాయిక తెల్లగా, పనిమనిషి గోధుమరంగులో ఉండటం చూసి చూసి అలవాటైన కళ్ళు మరి. అమెరికాలో 2021లో ప్యూ అనే పరిశోధన సంస్థ సర్వేలో అడిగితే, ఒళ్ళు నల్లగా ఉండటం ఎదగడానికి ఎంతోకొంత అడ్డేనని 62 శాతం లాటినోలు చెప్పారు.

నా కౌంటర్ దగ్గర కనబడేది ఇంకో ముఖం. రంగు తేలడానికి రాసుకునే హైడ్రోక్వినోన్ క్రీములు 2020 నుంచి ఇక్కడ ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకూడదు. దాంతో ఊరి నుంచి వచ్చిన లేబుల్ లేని డబ్బా తెచ్చి "ఇలాంటిది ఉందా?" అని అడుగుతారు. 2019లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో ఒకావిడ మెక్సికో నుంచి తెలిసినవాళ్ళతో తెప్పించుకున్న క్రీములో మిథైల్ మెర్క్యురీ అనే విషపు పాదరసం కలిసి ఉంది. చేతులు మొద్దుబారి, మాట తడబడి, చివరికి స్పృహ కూడా సరిగ్గా లేని స్థితికి వెళ్ళింది. అది చెప్తే కొందరు డబ్బా పడేస్తారు, కొందరు నవ్వి బ్యాగులో పెట్టుకుంటారు. మన హైదరాబాద్ షాపుల్లో స్టెరాయిడ్ క్రీములు కొనుక్కునే వాళ్ళని తలుచుకుంటే, దొందూ దొందే.

ఇంకోటి చెప్పనా? నాతో పనిచేసే అమ్మాయికి పాప పుడితే, వాళ్ళ అత్తగారు చూడటానికొచ్చి ముందు చెవి అంచులు తిప్పి చూసిందట, అసలు రంగు అక్కడ తెలుస్తుందని. మా నాయనమ్మ కూడా సరిగ్గా అలాగే చూసేది!

ఇక మీ సంగతి. మీ తమ్ముడి రంగుకి వాళ్ళింట్లో పెద్దగా ఎవరూ వంకపెట్టరు. జుట్టు సాఫీగా ఉంటే "పిల్లలకి మంచి జుట్టొస్తుంది" అని అమ్మాయి అమ్మమ్మ పైకే అనెయ్యొచ్చు. "జాతిని మెరుగుపరచడం" అని వాళ్ళకో పాత సామెతలాంటి మాట ఉంది, నవ్వుతూనే అంటారు. అది మీ తమ్ముడికి పొగడ్తలా వినబడినా, పక్కనున్న ఆ అమ్మాయికి అలా వినబడదు. ఈ విషయం అతనికి ముందే చెప్పి ఉంచండి.

మీవైపు చేయాల్సినవి కూడా ఉన్నాయి. ఈమధ్య వాళ్ళ అమ్మాయిలు చాలామంది స్ట్రెయిట్‌నింగ్ మానేసి రింగుల్ని రింగుల్లానే ఉంచుకుంటున్నారు, దానికంటూ వాళ్ళ రాజధాని శాంటో డొమింగోలోనూ ఇక్కడా సెలూన్లు కూడా వచ్చాయి. పెళ్ళికి పూలజడ కోసం "జుట్టు సాఫీ చేయించేద్దాం" అని మీ బ్యూటీషియన్ అనొచ్చు. ముందు అమ్మాయిని అడగండి. సవరం పెట్టి కడితే రింగుల జుట్టుకీ పూలజడ బ్రహ్మాండంగా నిలుస్తుంది. నలుగు పెట్టేటప్పుడు "ఇంకాస్త రుద్దండే, రంగు తేలుతుంది" అని మన పెద్దమ్మలు వేసే జోకులు మాత్రం ఆపించండి. తెలుగు రాదులే అనుకుంటారు. మీ తమ్ముడు ఈపాటికే ఆ అమ్మాయికి కొంత నేర్పించే ఉంటాడు.