జనవరి రాబడి చూసి అప్పు లెక్క వేయకండి

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. వేరుశనగ వరుసగా దెబ్బతినడంతో నా చదువు ఇంటర్‌తో ఆగింది. కొన్నాళ్లు నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో పనిచేసి, ఆరేళ్లుగా గండికోటలో గైడుగా ఉంటున్నాను. మొదట్లో నలుగురి ముందు నోరు పెగిలేది కాదు. ఎవరూ లేని వేళ కోటలోని ధాన్యాగారంలోకి వెళ్లి గోడలకు కథ చెప్పుకొనేవాణ్ణి. ఇప్పుడు బెంగళూరు నుంచి వచ్చేవారికి కన్నడంలోనూ చెప్పగలను. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా నెలకు 28,000, మిగతా ఏడు నెలలు సగటున 6,000 వస్తుంది. అమ్మ, భార్య, పాపతో ఇంటి ఖర్చు నెలకు 13,000. నిరుడు జనవరిలో మడమ బెణికి నలభై రోజులు మంచం పట్టాను, 30,000 అప్పు చేసి ఈమధ్యే తీర్చాను. బ్యాంకులో 22,000 ఉంది. టెంట్లు, కొండ దిగే తాళ్లు, హెల్మెట్లు సొంతంగా కొంటే సీజనులో నెలకు 60,000 వస్తుందని అంచనా. తెలిసినాయన 4 లక్షలు మూడు రూపాయల వడ్డీకి ఇస్తానన్నారు. ‘నీకెందుకు ఈ కొండల గోల’ అన్న బంధువుల ముందు నిలబడాలని ఉంది. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు.

ఆ ధాన్యాగారం మాట చదివి కాసేపు ఆగిపోయాను. గోడలకు కథ చెప్పి గొంతు తెచ్చుకున్న మనిషికి ధైర్యం గురించి నేను చెప్పాల్సింది లేదు. లెక్క గురించి మాత్రం ఉంది. ఎందుకంటే ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు. మామిడి వ్యాపారులు, పెళ్లి ఫొటోగ్రాఫర్లు, షామియానా వాళ్లు, సీజను మీద బతికే ప్రతి ఒక్కరూ చేతినిండా డబ్బు ఆడిన నెలను చూసి అప్పు లెక్క వేస్తారు. అది తీర్చాల్సింది మాత్రం మే నెలలో.

మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. 4 లక్షలకు నెలకు 12,000, ఏడాదికి 1,44,000. మీ సీజను సంపాదన మొత్తం కలిపితే 1,40,000! సరే, మీ అంచనా నిజమై నెలకు మరో 32,000 వచ్చిందనుకుందాం. ఐదు నెలలకు 1,60,000. వడ్డీ పోగా మిగిలేది 16,000. అసలు అలాగే ఉంటుంది, ఎండకు టెంటు గుడ్డ మాత్రం ఏటా పాతబడుతుంది. ఇక ఆయన ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం అడిగితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి, మర్యాద చూడకండి.

మీకు ముందు కావలసింది టెంట్లు కాదు, అత్యవసర నిధి. మడమ బెణికితే అప్పు చేయాల్సి వచ్చిందంటే మీ సంసారం ఒక్క మడమ మీద నిలబడి ఉంది. ఇక్కడ చాలామంది రెండు వేర్వేరు డబ్బులను కలిపేస్తారు. వేసవి ఆపద కాదు, ఏటా చెప్పి వచ్చే చుట్టం. ఆ ఏడు నెలల్లో ఇంటికి నెలకు 7,000 తక్కువ పడుతుంది, అంటే 49,000. దీన్ని సీజనులోనే తీసి పక్కన పెట్టాలి, దీని పేరు అత్యవసర నిధి కాదు. అసలైన నిధి ఆరు నెలల ఇంటి ఖర్చు, మీ విషయంలో 78,000. మీ వృత్తిలో ఒళ్లే పెట్టుబడి కాబట్టి మూడు నెలలు చాలవు.

కుదురుతుందా అంటే కుదురుతుంది. సీజనులోనూ ఇంటికి 13,000 మాత్రమే ఇవ్వండి. నెలకు 15,000 చొప్పున ఐదు నెలలకు 75,000 మిగులుతుంది. వేసవికి 49,000 తీస్తే నిధిలోకి 26,000. ఇప్పుడున్న 22,000 కలుపుకొంటే రెండు సీజన్లలో 74,000 అవుతుంది. ఇంకా నాలుగు వేలే తక్కువ. అందాకా సామాను అద్దెకు తెచ్చుకోండి, ఆ అద్దె పర్యాటకుల దగ్గరే వసూలు చేయండి. నిధి నిండాక రెండు టెంట్లతో మొదలుపెట్టవచ్చు. అప్పటికీ అప్పు తప్పదనుకుంటే బ్యాంకులో చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర రుణం అడగండి. ఇంట్లో బంగారం ఉంటే దాని జోలికి వెళ్లకండి.

బీమా ఈ వారమే. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్ష (ప్రమాద బీమా), 436 రూపాయల జీవన్ జ్యోతి (జీవిత బీమా), రెండూ తీసుకోండి. ఒక్కోదానికి రెండు లక్షల రక్షణ ఉంటుంది కానీ మడమ బెణికితే పైసా రాదు. పని చేయలేని వారాలకు పరిహారమిచ్చే వ్యక్తిగత ప్రమాద బీమా వేరే ఉంది. సంతకం చేసే ముందు, కొండలెక్కడం లాంటి సాహస క్రీడలను మినహాయించారేమో చదవండి. చాలా పాలసీల్లో మినహాయిస్తారు. తాళ్ల పని సొంతంగా మొదలుపెట్టిన రోజు నుంచి, పర్యాటకుడికి దెబ్బ తగిలితే వచ్చే దావాకూ బీమా ఉండాలి. 4 లక్షల లెక్కలో మీరు దానికి ఒక్క రూపాయి కూడా రాసుకోలేదు.

బంధువుల సంగతి నా పరిధిలోది కాదు. కానీ వాళ్లు మీ టెంట్లు లెక్కపెట్టరు, అప్పులాయన మీ గుమ్మం ముందుకు ఎన్నిసార్లు వచ్చాడో లెక్కపెడతారు.

అక్టోబరులో మొదటి బృందం దిగేలోపు బ్యాంకులో రెండో ఖాతా తెరిచి ఆ 22,000 అందులో వేయండి. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు తీసుకోకండి, ఫోనులో చెల్లింపుల యాప్‌కూ కలపకండి.