ఆట తయారు చేయబోతున్న చిన్నాకు

చిన్నా,

ఉద్యోగం మానేసి వీడియో గేమ్ తయారు చేస్తావని అక్క ఫోన్‌లో చెప్పింది. చెబుతూ ఏడ్చేసింది. నాకు ముందు గర్వంగా అనిపించింది, ఫోన్ పెట్టేశాక భయమేసింది. హైదరాబాద్‌లో ఇన్నేళ్లు ఆటలు టెస్ట్ చేసి బతికినదాన్ని, అందుకే నా భయాలు మీ అమ్మ భయాల్లాంటివి కావు. కోపం తెచ్చుకోకుండా చదువు.

అందరూ చెప్పేవి ముందే చెప్పేస్తాను. ఏడాదిన్నర ఖర్చులకు సరిపడా డబ్బు విడిగా ఉంచుకో. ఇంటి కాగితాలు ఎక్కడా తాకట్టు పెట్టకు. స్నేహితులతో వాటాల సంగతి కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టండి. రోజూ బ్యాకప్ తీసుకోండి.

ఇక అసలు విషయం. నువ్వు చేయబోయేది టర్న్ బేస్డ్ ఆట, అంటే ఒకరి తర్వాత ఒకరు వంతులవారీగా ఆడేది. "బాల్డర్స్ గేట్ 3 కూడా టర్న్ బేస్డ్ ఆటే కదమ్మా, ప్రపంచమంతా ఆడింది" అని మీ అమ్మకు నచ్చజెప్పావట. నిజమే. 2023 ఆగస్టు 3న పీసీలో విడుదలైంది. ఆ నెలలోనే స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో ఒకే సమయంలో 8 లక్షల 70 వేల మందికి పైగా ఆడారు. డిసెంబరులో ది గేమ్ అవార్డ్స్‌లో ఆ ఏటి ఉత్తమ ఆట అయింది. కానీ నువ్వు ఆ కథను చివరి పేజీ నుంచి చదువుతున్నావు. దాన్ని చేసిన లారియన్ కంపెనీని స్వెన్ వింకె బెల్జియంలో 1996లో పెట్టారు. 2002లో వచ్చిన వాళ్ల మొదటి డివినిటీ ఆట టర్న్ బేస్డ్ కాదు, మౌస్ నొక్కుతూ పరిగెత్తి కొట్టే రకం. వంతులవారీ ఆటలంటే పబ్లిషర్లు మొహం తిప్పుకునే కాలం అది. 2013లో వంతులవారీ ఆట కోసం కిక్‌స్టార్టర్‌లో, అంటే జనం నుంచి ముందే డబ్బు పోగుచేసే సైట్‌లో, జనాన్నే 4 లక్షల డాలర్లు అడిగితే 9 లక్షలకు పైగా వచ్చాయి. చేతిలో ఉన్నదంతా కూడా కలిపి 2014లో ఒరిజినల్ సిన్ విడుదల చేశారు, 2017లో దాని రెండో భాగం. వంతులవారీ పోరాటాన్ని ఆ రెండు ఆటల్లో సానబట్టాకే బాల్డర్స్ గేట్‌తో జనం ముందుకొచ్చారు. నీకిది మొదటి ఆట. ఆ మాట మర్చిపోకు నాన్నా.

ఇలాంటి ఆటలు ఎరగనివాళ్లు కూడా బాల్డర్స్ గేట్‌లోకి ఎలా వచ్చారో నేను చాలా ఆలోచించాను. పాత ఆర్‌పీజీల్లో, అంటే ఒక పాత్రగా మారి కథలో నడిచే ఆటల్లో, కెమెరా ఎక్కడో పైన ఉండేది, కింద పెట్టెలో పేజీలకు పేజీలు మాటలు. ఇందులో ఎవరితో మాట్లాడినా కెమెరా ముఖం దగ్గరికి వస్తుంది. నటులు గొంతుతో పాటు ఒంటి కదలికలనూ ఇచ్చి నటించారు. కథ తెలియకపోయినా ఎదుటి మనిషి అబద్ధమాడుతున్నట్టు కళ్లలో కనబడుతుంది. దీనికి మూలమైన, బల్ల చుట్టూ కూర్చుని ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట రూల్స్ లావుపాటి పుస్తకాలంత ఉంటాయి, అయినా పుస్తకం తెరవనివాడికి కూడా గట్టు అంచున నిలబడ్డ శత్రువును తోసేయొచ్చని అర్థమవుతుంది. బాణం వేసే ముందే తగిలే అవకాశం ఎంత శాతమో తెర మీద కనిపిస్తుంది. ఎవరినైనా ఒప్పించాలంటే ఇరవై ముఖాల పాచిక కళ్లముందే దొర్లుతుంది. ఓడినా కథ ఆగదు, ఇంకో దారి పడుతుంది. అందుకే ఇద్దరు కలిస్తే "నీకేమైంది?" "నాకిలా అయింది" అని చెప్పుకున్నారు. లోతు ఒక్క అంగుళం తగ్గించలేదు వాళ్లు. గుమ్మం మాత్రం వెడల్పు చేశారు.

దీనికి తిరగబడ్డ కథ ఒకటి నేను దగ్గరుండి చూశాను. కంపెనీ పేరు వద్దు. ఒక కోట, నలుగురు మనుషులు, వంతులవారీ పోరాటం, అదీ ఆట. టెస్టింగ్ గదిలో మేము ఒక్కో ఎత్తు మీద పోట్లాడుకునేవాళ్లం. భోజనానికి లేవమన్నా లేచేవాళ్లం కాదు. టీమ్ లీడ్ నాకంటే చిన్నవాడు, చాలా తెలివైనవాడు, ఆ ఆట అంటే ప్రాణం. ఒకరోజు డబ్బు పెట్టేవాళ్లు వచ్చి పావుగంట ఆడి, "ఆగి ఆగి కొట్టుకోవడమేంటి, ఇది జనానికి ఎక్కదు" అన్నారు. ఆ ఒక్క మాటకు అతను మొత్తం మార్చేశాడు. పోరాటం రియల్ టైమ్ అయింది, అంటే వంతులు లేకుండా అందరూ ఒకేసారి కొట్టుకోవడమే. ఆలోచించడానికి కట్టిన ఇరుకు మెట్లలో పరిగెత్తడానికి చోటు లేదు. ఏ మూల నుంచి వెళ్తే వీళ్లను దాటొచ్చు అని మేం బుర్ర బద్దలు కొట్టుకోవడానికి నిలబెట్టిన విలుకాళ్లు ఇప్పుడు కనబడగానే చంపేస్తున్నారు. మాటలు ఎవరూ చదవరని సంభాషణలు కత్తిరించారు, దాంతో ఎవరు ఎందుకు మోసం చేశారో తెలియకుండా పోయింది. మా బగ్‌ల జాబితా వారం వారం పెరిగింది. మార్చకముందు డెమో ఆడి మెచ్చుకున్నవాళ్లు ఆ ఆట ఏదని అడిగారు. కొట్టుకునే ఆటలు కావాల్సినవాళ్లకు అంతకంటే మంచివి బోలెడున్నాయి. రెండు వైపులా ఎవరూ మిగల్లేదు. అతను ఈ రంగమే వదిలేశాడు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

అది ఎందుకు చెబుతున్నానంటే, ఆ డబ్బున్నవాళ్ల విసుగు అబద్ధం కాదు. కానీ అది వంతు కోసం ఆగడం వల్ల పుట్టింది కాదు. తమ వంతు వచ్చినప్పుడు ఏమేం చేయొచ్చో తెర వాళ్లకు చెప్పలేదు. బటన్లు పదహారు, వివరణ సున్నా. అక్కడ సరిచేయాల్సింది ఆ తెరను. ఎవరైనా నీ ఆటను బోర్ అంటే వెంటనే ఆట మార్చకు. ఏ క్షణంలో చెయ్యి ఆగిందో అడుగు.

నా పెద్ద భయం మరొకటుంది. మీ నలుగురూ తలుపులేసుకుని మూడేళ్లు కూర్చుంటారేమోనని. లారియన్ వాళ్లు 2020 అక్టోబరులోనే బాల్డర్స్ గేట్ మొదటి అంకం ఒక్కటే ఎర్లీ యాక్సెస్‌లో, అంటే ఆట పూర్తికాకముందే, అమ్మారు. దాదాపు మూడేళ్లు వేలకు వేల మంది ఆడుతుంటే చూస్తూ మార్చుకున్నారు. వరసగా దెబ్బలు తప్పిపోతున్నాయని జనం విసుక్కుంటే, దురదృష్టం అలా వెంటాడకుండా పాచికలకు ఒక సెట్టింగ్ కూడా పెట్టారు. నువ్వు కూడా తొలి గంట ఆట తయారవగానే బయటివాళ్ల చేతికివ్వు. పక్కన కూర్చుని నోరు మూసుకో. "అది కాదు, ఇటు నొక్కండి" అన్నావో, ఆ టెస్ట్ దండగ.

ఇంకో మాట. ముప్పై మంది చేసిన ఆట అని క్లేర్ ఆబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33 పేరు చెప్పి నీ స్నేహితులను ఊరిస్తున్నావని విన్నాను. ఫ్రాన్స్‌లోని మాంపెలియేలో చేశారు, 2025 ఏప్రిల్ 24న వచ్చింది, మూడు రోజుల్లో 10 లక్షల కాపీలు పోయాయి. వంతులవారీ ఆటే, కానీ దెబ్బ తగిలే క్షణంలో తప్పుకోవడం, అడ్డుకోవడం ఆడేవాడి చేతిలో పెట్టారు, కాబట్టి ఎదుటివాడి వంతులో కూడా గుండె దడదడలాడుతుంది. బాగా చూసి నేర్చుకో. అయితే చివర్లో వచ్చే పేర్లు కూడా మొత్తం చూడు. కొరియా యానిమేటర్లు, గొంతులిచ్చినవాళ్లు, టెస్టర్లు... ముప్పై దగ్గర ఆగదు ఆ లెక్క. నలుగురితో అంత చేద్దామని నిద్రలు మానుకుంటే నేనే వచ్చి కంప్యూటర్ ప్లగ్గు పీకేస్తాను.

పల్నాటి కథ తీసుకున్నావని విని మాత్రం చాలా సంతోషపడ్డాను రా. కోడిపందెంలో ఓడితే రాజ్యం వదిలి అడవికి పోవాలి, పాచిక దొర్లించే ఆటకు ఇంతకంటే ఏం కావాలి? అమ్మమ్మ ఆ పందెం ఘట్టం చెబుతుంటే నువ్వు పక్కమీద లేచి కూర్చునేవాడివి. లారియన్‌లో నాలుగు వందల మందికి పైగా పనిచేశారు. వాళ్లలా ప్రతి ముఖాన్నీ మీరు బతికించలేరు. నాగమ్మ ఒక్కదాన్ని బతికించండి. ఆమె గొంతుకు నాటకాల్లో ఆరితేరిన మనిషిని వెతకండి, గుంటూరు, నరసరావుపేట వైపు తిరిగితే దొరుకుతారు. డబ్బింగ్ తెలుగు మాత్రం వద్దు. నాగమ్మను విలన్ చేసి చేతులు దులుపుకోవద్దు. బ్రహ్మనాయుడి వైపున్నవాడు కూడా ఆమె మాట విని ఒక్క క్షణం తటపటాయించాలి.

మీ అమ్మతో నేను మాట్లాడతాను, నువ్వు ఎదురు మాట్లాడకు. రాత్రి అన్నం మానేయకు. మొదటి బిల్డ్, అంటే ఆడి చూడగలిగే రూపం, రాగానే నాకు పంపు, ఎలా ఆడాలో రాసి పంపకుండా ఉత్త ఆట మాత్రమే పంపు. ఎక్కడ చెయ్యి ఆగిందో నిమిషంతో సహా రాసి పంపుతాను.

ప్రేమతో,
పిన్ని