పిల్లలకు బొమ్మల పాఠం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పిల్లలకు విడిగా బొమ్మలు నేర్పేవారి నుంచి, తమ పిల్లలను అలాంటి పాఠాలకు పంపే తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిని ఈ సంచికకు ఎంచుకున్నాను.

ప్రశ్న: ఐదేళ్ళ నుంచి పన్నెండేళ్ళ వరకు వయసున్న పిల్లలకు ఒక్కొక్కరికీ విడిగా డ్రాయింగ్ నేర్పుతున్నాను. విసుగు పుట్టకూడదని ఒక వారం క్రేయాన్లు, మరో వారం నీటిరంగులు, ఆ పై వారం బంకమట్టి, ఇలా మాధ్యమాన్ని మారుస్తూ వచ్చాను. పిల్లలు ఉత్సాహంగానే వస్తున్నారు గానీ, నెలలు గడిచినా ఏ ఒక్కదానిలోనూ చేయి కుదరలేదు. మాధ్యమాలను ఏ వరుసలో, ఎంతకాలం నేర్పాలి?

జవాబు: మాధ్యమాన్ని కొంతకాలం నిలిపి ఉంచి, బొమ్మకు తీసుకునే వస్తువును మార్చి చూడండి. ఒక్కో మాధ్యమం పిల్లలకు ఒక్కో విషయం నేర్పుతుంది; ఆ విషయం పట్టుబడే దాకా అదే మాధ్యమం సాగాలి. కనీసం ఐదారు పాఠాలైనా వరుసగా సాగకపోతే, పిల్లవాడు ప్రతిసారీ కొత్త సామగ్రితో పరిచయం దగ్గరే ఆగిపోతాడు. విడిగా నేర్పడంలో ఉన్న వెసులుబాటు ఇక్కడే అక్కరకొస్తుంది. బడిలో తరగతి మొత్తానికీ ఒకే రోజు ఒకే రంగుపెట్టె తెరిపించక తప్పదు. మీకు ఆ నిర్బంధం లేదు. ఒక అమ్మాయి బంకమట్టిని వదలనంటే మరో నెల దానితోనే ఉండనివ్వవచ్చు.

వరుసను నిర్ణయించేటప్పుడు ముందుగా చూడవలసింది చేతి అదుపు. ఐదారేళ్ళ పిల్లలు చాలావరకు భుజంతో, మోచేతితో గీస్తారు. మణికట్టు, వేళ్ళు అప్పటికి పూర్తిగా స్వాధీనంలోకి రావు. అందువల్ల వారికి పెద్ద కాగితం, లావుపాటి క్రేయాన్, వెడల్పు కుంచె, చిక్కటి పోస్టర్ రంగు ఇవ్వాలి. ఆయిల్ పేస్టెల్స్ కూడా ఈ వయసుకు బాగా నప్పుతాయి. జపాన్‌కు చెందిన సకూరా సంస్థ 1925లో వీటిని బజారులోకి తెచ్చినప్పుడు బడిపిల్లలనే దృష్టిలో పెట్టుకుంది. మైనపు క్రేయాన్ కంటే మెత్తగా ఉండటం వల్ల ఇవి కొద్దిపాటి ఒత్తిడికే నిండు రంగునిస్తాయి. ఒక రంగును మరో రంగులోకి వేలితో రుద్ది కలపవచ్చు, రెండు పొరలు వేశాక పుల్లతో గీరి అడుగు రంగును బయటికి రప్పించవచ్చు.

నీటిరంగులను చాలామంది తేలికైనవనుకొని ముందే చేతికిస్తారు. నా ఉద్దేశంలో పిల్లలకిచ్చే మాధ్యమాల్లో అదే కష్టమైనది, ఎందుకంటే ఒక రంగు ఆరేదాకా పక్కన మరో రంగు వేయకుండా ఆగాలి, తెలుపు కావలసిన చోట కాగితాన్నే వదిలిపెట్టాలి, తప్పు పడితే పైన మరో పూత వేసి కప్పడం కుదరదు. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా వేచి ఉంటే మంచిది. ఇక కాగితం విషయానికొస్తే, పలుచని డ్రాయింగ్ షీటు తడికి ఉబ్బి అలలు తేలుతుంది, గుంటపడిన చోట రంగు మడుగు కడుతుంది, పిల్లవాడేమో తనకే చేతకాలేదనుకుంటాడు. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న) మందపాటి కాగితమైతే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. ఇరవై నాలుగు రంగుల పెట్టె కొనడం మాని, ఆ ఖర్చు కాగితం మీద పెట్టమని తల్లిదండ్రులకు చెప్పండి. క్రేయాన్ల నుంచి నీటిరంగులకు మారే దశలో తెల్ల క్రేయాన్‌తో బొమ్మ గీయించి, దాని మీద పలుచని రంగు పూయించండి; మైనం నీటిని నిలవనీయదు కనుక కనబడని గీత ఒక్కసారిగా తేలుతుంది, కొత్త మాధ్యమం పట్ల బెరుకు పోతుంది.

రంగులు కలపడం నేర్పడానికి మాత్రం పోస్టర్ రంగులే మేలు. మొదట్లో ఎరుపు, పసుపు, నీలం, తెలుపు తప్ప మరేవీ బల్ల మీద ఉంచకండి, నలుపును అసలే ఉంచకండి. ఊదా రంగు ఎంత కలిపినా బురదగా వస్తోందని పిల్లలు అంటారు. నారింజ ఛాయ ఉన్న ఎరుపులో పసుపు తత్వం ఉంటుంది. అది నీలంతో చేరితే మూడు ప్రాథమిక వర్ణాలూ ఒకచోట చేరినట్టే కాబట్టి రంగు మసకబారుతుంది. గులాబీ వైపు మొగ్గే ఎరుపు ఇచ్చి చూడండి, వెంటనే తేటపడుతుంది. ముదురు రంగును లేతదానిలోకి కొద్దికొద్దిగా కలపాలన్నది కూడా ఇక్కడే అలవడాలి, ఎందుకంటే పసుపును ఆకుపచ్చగా మార్చడానికి కుంచె మొన మీద ఉన్నంత నీలం చాలు, నీలాన్ని మార్చాలంటే మాత్రం పసుపు డబ్బా సగం ఖాళీ అవుతుంది.

బంకమట్టి వస్తువుకు వెనకవైపు కూడా ఉంటుందని గుర్తుచేస్తుంది. కాగితం మీద అది తెలియదు. అతికించే చోట రెండువైపులా గీతలు గీరి, నీళ్ళలో కలిపిన జారుడు మట్టి పూయడం మొదటి పాఠంలోనే చేయించండి. లేకపోతే ఆరిన తర్వాత ఏనుగు తొండం ఊడి వస్తుంది, దానితోపాటు పిల్లవాడి ఆసక్తీ ఊడిపోతుంది. కొలాజ్, అంటే కాగితం ముక్కలు అంటించి బొమ్మ కూర్చడం, ఏ వయసులోనైనా పనికొస్తుంది, అంటించే ముందు ముక్కలను అటూ ఇటూ జరిపి చూసుకునే అవకాశం ఉండటమే దానికి కారణం. 1940లలో ఫ్రెంచి చిత్రకారుడు హెన్రీ మతీస్ అనారోగ్యంతో మునుపటిలా నిలబడి చిత్రాలు వేయలేని స్థితిలో రంగు పూసిన కాగితాలను కత్తిరించి గొప్ప చిత్రాలు కూర్చాడని పెద్ద పిల్లలకు చెప్పి, ఆ చిత్రాలు చూపించండి. కత్తెర పని చిన్నపిల్లల ఆట అన్న చులకన భావం పోతుంది.

ప్రశ్న: మా ఆరేళ్ళ పాప విడిగా బొమ్మల పాఠాలకు వెళ్తోంది. ఇంటికి తెచ్చే ప్రతి బొమ్మా చూడముచ్చటగా ఉంటోంది. కానీ ఇంట్లో కాగితమిస్తే మాత్రం "టీచరు గీసిస్తే రంగులు వేస్తాను" అంటోంది. ఇది సరైన పద్ధతేనా?

జవాబు: మీ అనుమానం సహేతుకమైనదే. ఎవరో గీసిన గీతల మధ్య రంగు నింపడం వల్ల చేతికి కొంత అదుపు వస్తుందే తప్ప బొమ్మ వేయడం రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంత పెద్దగా వేయాలి, ఏది వదిలేయాలి అన్న నిర్ణయాలన్నీ టీచరే చేసేస్తున్నారు. ఆరేళ్ళ పాప ఇంటి గోడ లోపలున్న మంచాన్ని బయటికి కనబడేలా వేస్తుంది, తనకు ఇష్టమైన మనిషిని చెట్టుకంటే ఎత్తుగా వేస్తుంది. ఆ వయసులో పిల్లలు కంటికి కనిపించిందానికంటే తమకు తెలిసినదాన్ని వేస్తారని పరిశీలకులు చాలాకాలం కిందటే గుర్తించారు. వియన్నాలో చిత్రకళా ఉపాధ్యాయుడు ఫ్రాంజ్ చిజెక్ 1897లో పిల్లల కోసం చిత్రకళా తరగతి తెరిచినప్పుడు, పెద్దల బొమ్మలను నకలు చేయించే ఆనాటి పద్ధతిని పక్కనపెట్టి, పిల్లల బొమ్మకు దానిదైన తీరు ఉంటుందన్న నమ్మకంతోనే పాఠాలు నడిపాడు.

టీచరును తప్పుపట్టే ముందు ఒక మాట గమనించండి. ప్రతి వారం గోడకు తగిలించదగిన బొమ్మ ఇంటికి రావాలని ఆశించే తల్లిదండ్రులే చాలాసార్లు ఈ పద్ధతికి కారణమవుతున్నారు. బొమ్మ చక్కగా లేకపోయినా ఫరవాలేదు, పాప చేతి గీత మీద మీ చేయి పడకుండా చూడండి అని మర్యాదగా చెప్పండి. చూపించవలసి వస్తే టీచరు తన కాగితం మీద చూపించి, పాప మొదలుపెట్టే ముందు దాన్ని తీసి పక్కన పెట్టవచ్చు. బొమ్మల వెనక తేదీ రాసి అన్నిటినీ ఒక ఫైలులో దాచమని కూడా అడగండి. ఎదుగుదల ఒక్క బొమ్మలో కనబడదు, ఆరు నెలల బొమ్మలను వరుసగా పరిస్తే కనబడుతుంది. ఇంట్లో మాత్రం "ఇదేమిటి?" అని అడగకుండా, "దీని గురించి చెప్పమ్మా" అనండి.

ప్రశ్న: మా అబ్బాయికి పదేళ్ళు. చిన్నప్పటి నుంచీ బొమ్మలంటే ప్రాణం. ఈ మధ్య గీసింది గీసినట్టే చించేస్తున్నాడు, "నిజంగా ఉన్నట్టు రావడం లేదు" అంటున్నాడు. మానిపించమంటారా?

జవాబు: మానిపించకండి. తొమ్మిది నుంచి పన్నెండేళ్ళ మధ్య వయసును వాస్తవికత మొలకెత్తే దశగా చిత్రకళా విద్యావేత్త విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో వెలువరించిన తన గ్రంథంలో వర్ణించాడు. అప్పటిదాకా తన బొమ్మను తానే మెచ్చుకున్న పిల్లవాడు ఇప్పుడు దాన్ని ఎదుటి వస్తువుతో పోల్చి చూస్తున్నాడు. చూపు చేతికంటే ముందుకు పోయింది, అంతే. చాలామంది బొమ్మలు వేయడం మానేసేది ఈ వయసులోనే.

ఇక్కడ నేను పై జవాబుకు విరుద్ధంగా మాట్లాడుతున్నట్టు తోచవచ్చు, కానీ ఆరేళ్ళ పాపకు ఇచ్చిన స్వేచ్ఛనే పదేళ్ళ వాడికీ ఇచ్చి "నీకు తోచినట్టు వెయ్యి, బాగానే ఉంది" అనడం అన్యాయం. బాగా లేదని వాడికి తెలుసు. వాడు అడుగుతున్నది మెలకువలు, అవి నేర్పవలసిందే. కుర్చీని గీయమనే బదులు, కుర్చీ కాళ్ళ మధ్యనున్న ఖాళీల ఆకారాలను గీయించండి. ఏదైనా రేఖాచిత్రాన్ని తలకిందులుగా పెట్టి చూసి వేయించండి. అది ముఖమన్న సంగతి మరుగునపడి గీతల వంపులు కనబడతాయి. పెన్సిల్‌ను చేయి చాపి పట్టుకొని ఎదుటి వస్తువు నిష్పత్తులను కొలవడం నేర్పండి. దూరమయ్యేకొద్దీ గీతలు ఒక బిందువు దగ్గర కలవడాన్ని పదకొండేళ్ళు దాటాక అందుకుంటాడు.

దాంతోపాటు కొన్నాళ్ళు రబ్బరును దాచేయండి. హెచ్‌బీ పెన్సిల్, రబ్బరు చేతిలో ఉన్నంతసేపూ వాడు గీసినదానికంటే చెరిపిందే ఎక్కువ అవుతుంది. బొగ్గుపుల్ల గానీ మెత్తగా, నల్లగా రాసే 6బీ పెన్సిల్ గానీ ఇచ్చి, గీతల జోలికి పోకుండా వెలుగునీడలు మాత్రమే వేయించండి. మెత్తటి ఫోమ్ పలక మీద బొమ్మ నొక్కి గీసి, రోలర్‌తో రంగు పూసి అచ్చు తీయించడం ఈ వయసుకు బాగా పనికొస్తుంది. అచ్చు కుడిఎడమలు మారి పడుతుంది, తీసిన ఒక్కో ప్రతి కొంచెం వేరుగా వస్తుంది, కాబట్టి అచ్చుగుద్దినట్టు రావాలన్న పట్టుదల తనంతట తానే సడలుతుంది.

ప్రశ్న: చిన్న గదిలో పాఠాలు చెబుతున్నాను. రంగుల వల్ల పిల్లల ఆరోగ్యానికి ఇబ్బంది ఉంటుందా?

జవాబు: విషరహితమని ముద్రించిన, పిల్లల కోసమే తయారైన రంగులనే వాడండి, టర్పెంటైన్ అవసరమయ్యే తైలవర్ణాలను, బొమ్మ చెరిగిపోకుండా చల్లే ఫిక్సేటివ్ స్ప్రేలను ఆ గదిలోకి రానివ్వకండి. పొడి పేస్టెల్ ధూళిని నోటితో ఊదనివ్వకుండా కాగితాన్ని నిలువుగా తట్టించండి. ఆరిన బంకమట్టి పొడిలో పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే సిలికా ఉంటుంది, కనుక బల్లనూ నేలనూ చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి. యాక్రిలిక్ వాడితే కుంచెలను పాఠం ముగియక ముందే కడిగించండి, ఆరితే అది ప్లాస్టిక్‌లా గట్టిపడి మళ్ళీ నీటికి కరగదు. బట్టల మీద పడినా అంతే.