చెప్పకుండా మారిపోయే పార్టు: పాపకు చిన్నాయన ఉత్తరం

తిరుపతి

పాపా,

నిన్న రాత్రి ఫోన్లో నీ గొంతు విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. "నేనేమీ ముట్టుకోలేదు చిన్నాయనా, పొద్దున కంప్యూటర్లో అసెంబ్లీ తెరిస్తే మోటారు కింద బ్రాకెట్ వేరేది ఉంది, సార్ నన్నే అంటున్నాడు" అన్నావు. నువ్వు ముట్టుకోలేదనే నేనూ నమ్ముతున్నా. మనం యంత్రాలు గీసే ఈ సాలిడ్‌వర్క్స్ ప్రోగ్రామ్‌లో ఎవరూ ముట్టుకోకుండానే పార్టు మారుతుంది. శ్రీసిటీలో చేరి మూడు నెలలు కాలేదు, అప్పుడే టెన్షన్ పెట్టుకోకు.

తప్పు పార్టు కనబడితే సేవ్ కొట్టొద్దు. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. అసెంబ్లీ ఫైలు, అంటే పార్టులన్నీ కలిపి యంత్రంగా పేర్చిన ఫైలు, ఒక్కో పార్టును దాని పేరును బట్టి, అది ఉన్న ఫోల్డర్ దారిని బట్టి వెతుక్కుంటుంది. సేవ్ చేశావంటే తప్పు దారే అందులో కూర్చుంటుంది. రీప్లేస్ కాంపొనెంట్స్‌తో పాతది తెచ్చి పెట్టేద్దామని తొందరపడకు. ముందు ఫైల్ మెనూలో ఫైండ్ రెఫరెన్సెస్ తెరిచి, ఆ బ్రాకెట్ ఏ ఫోల్డర్ నుంచి వచ్చిందో చూడు. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

నాకు జరిగింది చెబుతా. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి కన్వేయర్ గీస్తున్నాం. తోతాపురి కాయ దిగేలోపు బిగించాలి. పాత జాబ్ ఫోల్డర్‌ను కాపీ చేసి కొత్తది మొదలుపెట్టా. రెండింటిలోనూ ఆ పార్టు పేరు ఉత్త 'బ్రాకెట్'. పాతదాని మందం 6 మిల్లీమీటర్లు, కొత్తదాన్ని 8 చేశా. ఒకరోజు ఏదో కొలత చూడాలని పాత జాబ్ తెరిచి, దాన్ని మూయకుండానే కొత్త అసెంబ్లీ తెరిచా. పాత బ్రాకెట్ వచ్చి కూర్చుంది. కాపీ చేసిన పార్టే కదా, ముఖాలు అవే, పార్టులను ఒకదానికొకటి కలిపే మేట్‌లు ఒక్కటీ తెగలేదు. పక్కనుండే పార్టుల జాబితాలో, అదే ట్రీలో, ఎక్కడా ఎర్ర గుర్తు లేదు. నేను సేవ్ చేసి, డ్రాయింగ్ కటింగ్‌కు పంపేశా. బిగించే కుర్రాడు వెర్నియర్ పెట్టి నా ముందుకు తెచ్చాడు: 6. అప్పటికే 24 ప్లేట్లు కోసేశారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కారణం చాలా చిన్నది. అసెంబ్లీ తెరిచేటప్పుడు సాలిడ్‌వర్క్స్ ముందుగా అప్పటికే తెరిచి ఉన్న ఫైళ్లలో ఆ పేరు కోసం చూస్తుంది. దొరికితే దాన్నే తీసుకుంటుంది, ఫోల్డర్ దాకా పోదు. కాబట్టి నువ్వు రేపు అన్నీ సేవ్ చేయకుండా మూసెయ్, ప్రోగ్రామే మూసెయ్. మళ్లీ తెరిచి ఆ ఒక్క అసెంబ్లీనే పిలువు. సరైన బ్రాకెట్ వస్తే దొంగ దొరికినట్టే. అప్పటికీ తప్పుదే వస్తే ఎవరో సేవ్ చేసేసి ఉంటారు, లేదా సిస్టమ్ ఆప్షన్స్‌లో ఫైల్ లొకేషన్స్ కింద రెఫరెన్స్‌డ్ డాక్యుమెంట్స్‌లో పాత ఫోల్డర్ ఉండిపోయి ఉంటుంది. ఓపెన్ విండోలోనే రెఫరెన్సెస్ అనే బటన్ ఉంది, తెరవకముందే దారి సరిచేయొచ్చు.

సేవ్ యాజ్ దగ్గరా జాగ్రత్త. అసెంబ్లీ తెరిచి ఉండగా పార్టుకు మామూలు సేవ్ యాజ్ చేస్తే అసెంబ్లీ ఆ కొత్త పేరు వెంట వెళ్లిపోతుంది. విడిగా కాపీ కావాలంటే 'సేవ్ యాజ్ కాపీ అండ్ కంటిన్యూ' నొక్కు. విండోస్ ఫోల్డర్లో పేర్లు మార్చే అలవాటు ఉంటే ఇవాళే మానెయ్.

బోల్టులు మాత్రమే మారితే అది వేరే కథ. టూల్‌బాక్స్ అంటే సాలిడ్‌వర్క్స్‌లోని రెడీమేడ్ బోల్టుల లైబ్రరీ. అందులోని బోల్టు సైజు కాన్ఫిగరేషన్‌గా, అంటే ఒకే ఫైల్లో ఇంకో రూపంగా, నీ కంప్యూటర్లోని టూల్‌బాక్స్ ఫైల్లో ఉంటుంది. అవతలివాళ్ల ఫైల్లో ఆ సైజు లేకపోతే వాళ్లకు ఇంకో సైజు కనబడుతుంది. ఆఫీసంతా ఒకే టూల్‌బాక్స్ ఫోల్డర్ వాడాలని మీ సార్‌ను అడుగు. అడగడానికి మొహమాటపడకు.

ఇకమీదట పాత జాబ్ నుంచి కొత్తది మొదలుపెడితే అసెంబ్లీని పార్టులతో సహా కాపీ చేసే ప్యాక్ అండ్ గో వాడు, డ్రాయింగులు కలుపు, పేర్ల ముందు జాబ్ నంబర్ తగిలించు. 'బ్రాకెట్', 'ప్లేట్', 'షాఫ్ట్' అనే ఉత్త పేర్లు ఒక్కటి కూడా ఉంచకు.

రేపు ఫైండ్ రెఫరెన్సెస్ తెర ఫోటో తీసి పంపు. సార్‌కు కూడా అదే చూపించు, నీ మీద మాట పోతుంది. ఆదివారం వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తీసుకురా, పేర్లన్నీ కూర్చుని మారుద్దాం.

నీ చిన్నాయన