ముందు పెళ్లిళ్లు వెతుకు, ఓడ సంగతి తర్వాత

చిరంజీవి అమ్మడికి, మావయ్య ఆశీస్సులు.

నీ మెయిల్ చదివి నవ్వొచ్చింది. మీ మామగారి డెబ్బయ్యో పుట్టినరోజుకి వంశవృక్షం కట్టించి ఇస్తావు, బాగానే ఉంది. కానీ మొదటి ప్రశ్నే "వాళ్ల మూలపురుషుడు ఫ్రాన్స్ నుంచి కెనడాకి ఏ ఓడలో వచ్చాడు?" అని అడిగావు చూడు, మా కోడలి వంశం వెతకడానికి కూర్చున్నప్పుడు నేనూ అక్కడే మొదలుపెట్టాను. మాంట్రియల్‌లో ఒక చలికాలం మొత్తం దానికే పోయింది. పదిహేడో శతాబ్దం నాటి ప్రయాణికుల జాబితాలు మిగిలినవి బహు తక్కువ. ఓడ దొరికితే చివర్లో దొరుకుతుంది, లేకపోతే లేదు. దాని కోసం టెన్షన్ పడకు.

నువ్వు పట్టుకోవలసింది పెళ్లిళ్లను. కెనడాలో ఫ్రెంచి వాళ్లుండే క్యూబెక్ రాష్ట్రంలో 1993 చివరిదాకా చర్చి రిజిస్టరే సర్కారు రిజిస్టరు కూడా. పెళ్లి జరిపించిన ఫాదర్ వధూవరుల పేర్లతో పాటు మామూలుగా ఇద్దరి తల్లిదండ్రుల పేర్లూ, వాళ్లు ఏ చర్చి కిందివాళ్లో కూడా రాసేవాడు. పైగా ఆడవాళ్లను పుట్టింటి పేరుతోనే రాసేవాడు. మా అమ్మమ్మ వాళ్లమ్మ ఏ ఇంటి ఆడపడుచో నాకు ఇప్పటికీ తెలియదు, మన దగ్గర చెప్పేవాళ్లు పోతే కథ అంతే. ఇక్కడ 1670లో పెళ్లాడిన, సంతకం పెట్టడం కూడా రాని పల్లెటూరి పిల్ల పుట్టింటి పేరు కాగితం మీద ఉంటుంది. అందుకని మీ మామగారి అమ్మానాన్నల పెళ్లి దగ్గర మొదలుపెట్టు. అందులో వాళ్ల తల్లిదండ్రుల పేర్లుంటాయి. వాళ్ల పెళ్లి వెతుకు. అలా ఒక్కో మెట్టూ వెనక్కి వెళ్లు, మెట్టు మాత్రం దాటెయ్యకు.

రెండో పెళ్లి దగ్గర చాలామంది బోల్తా పడతారు. పెళ్లికొడుకు భార్య పోయినవాడైతే అమ్మానాన్నల పేర్లకు బదులు చాలాసార్లు పోయిన భార్య పేరు మాత్రమే రాసి ఊరుకుంటారు. దారి మూసుకుపోయిందని కంగారు పడకు. ఆవిడ పేరు పట్టుకుని మొదటి పెళ్లికి వెళ్తే తల్లిదండ్రులు అక్కడ దొరుకుతారు.

నేను తిన్న దెబ్బ ఇంకొకటి. ఒకే ఊళ్లో, ఒకే ఇంటిపేరుతో, ఝాన్ అనే వాళ్లిద్దరు. అన్నదమ్ముల పిల్లలు. నేను రెండో వాడి పిల్లల్ని మొదటి వాడికి అంటగట్టి, తొమ్మిది నెలలపాటు ఎవరిదో వంశం కట్టాను. పిల్లల జ్ఞానస్నానం కాగితాల్లో తల్లి పేరు ముందే సరిచూసుకుని ఉంటే ఒక్క సాయంత్రంలో తేలిపోయేది. భార్య పేరు కలవనిదే ఏ ఝాన్‌నీ నమ్మకు.

ఇంటిపేర్ల గొడవ ఉండనే ఉంది. వాళ్లకు చాలామందికి ఇంటిపేరు పక్కన "ది" అని ఇంకో పేరు తగిలించేవారు, ఫలానా అనబడే ఫలానా అన్నట్టు. 1665లో వచ్చిన కారిన్యాన్-సాలియేర్ అనే ఫ్రెంచి పటాలంలో పన్నెండు వందల మంది దాకా సైనికులుంటే, సుమారు 400 మంది ఇక్కడే స్థిరపడ్డారు. లాఫ్లర్ అంటే పువ్వు, లాలిబెర్తే అంటే స్వేచ్ఛ, సాన్‌రెగ్రే అంటే పశ్చాత్తాపం లేనివాడు, సైన్యంలో పెట్టుకునే పేర్లు ఇలాంటివి. తర్వాతి తరాల్లో అన్న ఒక పేరుతో, తమ్ముడు ఇంకో పేరుతో సాగిపోయిన ఇళ్లున్నాయి. రెండు పేర్లతోనూ వెతుకు. స్పెల్లింగు గురించి అడగకు, ఫాదర్ చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు.

తేదీల్లో 7 అంకె వేసి పక్కన "బ్ర" అని కనిపిస్తే జులై అనుకునేవు, అది సెప్టెంబరు. 8 పెడితే అక్టోబరు, 9 పెడితే నవంబరు. లాటిన్ లెక్కలో ఆ నెలల పేర్లలోనే ఏడు, ఎనిమిది, తొమ్మిది ఉన్నాయి. నేను ఒక పిల్లాణ్ణి వాళ్ల అమ్మానాన్నల పెళ్లికి రెండు నెలల ముందే పుట్టించేశాను, పాపం.

పుస్తకాల్లో ఫాదర్ తాంగే 1871 నుంచి 1890 వరకు వేసిన ఏడు సంపుటాల వంశాల నిఘంటువు ఉంది. ఆయన శ్రమకు దండం పెట్టాలి గానీ అందులో తప్పులున్నాయి. మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్లు 1966లో మొదలుపెట్టిన డేటాబేస్ చాలా నయం. అయినా సరే, అసలు రిజిస్టరు బొమ్మ తెరిచి నీ కళ్లతో చదువు. ఇంటర్నెట్‌లో ఎవరో కట్టిన చెట్టును ఎత్తి తెచ్చుకున్నావంటే వాళ్ల తప్పులన్నీ నీ ఇంట్లోకి వచ్చేస్తాయి.

బాగా వెనక్కి వెళ్లాక గోడలు తగులుతాయి. 1640లో క్యూబెక్ నగరంలోని చర్చి తగలబడి రిజిస్టర్లు పోతే, ఉన్నవాళ్లను అడిగి మళ్లీ రాయించారు. 1663 నుంచి 1673 వరకు ఫ్రాన్స్ రాజుగారి ఖర్చుతో పెళ్లిళ్ల కోసం వచ్చిన దాదాపు 800 మంది అమ్మాయిల్లో పారిస్ వైపు వాళ్లు ఎక్కువ. వాళ్లను "రాజుగారి కూతుళ్లు" అంటారు. మీ వాళ్లకు వీళ్లలో ఒకరైనా తగలకపోతే ఆశ్చర్యమే. కానీ 1871 అల్లర్లలో పారిస్ పాత రిజిస్టర్లు కాలిపోయాయి కాబట్టి, సముద్రం అవతల వాళ్ల దారి పట్టుకోవడం కష్టం. వాళ్లు చెడు నడతవాళ్లని ఎవరైనా పుకారు చెబితే నమ్మకు, అది ఎప్పుడో తేలిపోయిన అబద్ధం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి నోటరీ, అంటే దస్తావేజులు రాసే అధికారి, రాసిన కాగితాలు. మనిషి పోయాక నోటరీ ఇల్లంతా తిరిగి సామాను రాసేవాడు. ఇనప కుండ ఎంత, అతుకులేసిన దుప్పటి ఎంత, ఆవు వయసెంత, అన్నీ. 1634లో ఫ్రాన్స్‌లోని పెర్ష్ ప్రాంతం నుంచి వచ్చిన జకారీ క్లూతియే అనే వడ్రంగికి రాయడం రాదు. సంతకం చోట చిన్న గొడ్డలి బొమ్మ గీసేవాడు. 1800 నాటికి ఆయన సంతానంలో పెళ్లయినవాళ్లే 10,850 మందని మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్లు లెక్క తేల్చారు. మీ మామగారి చెట్టులో ఆయన కనిపిస్తే ఆ గొడ్డలిని ఫ్రేము కట్టించి ఇవ్వు. రాజవంశం, కోటలు అంటూ ఎవరైనా అమ్మజూపే బొమ్మల కన్నా అది వెయ్యి రెట్లు మేలు.

ఇంకోటి. ఆ రిజిస్టర్లలోనే బానిసలుగా ఉన్న ఆదివాసీలూ, నల్లవాళ్లూ కనిపిస్తారు, ఒక్కోసారి ఇంటిపేరు కూడా లేకుండా. అలాంటిది మీ వాళ్లింట్లో కనిపిస్తే దాచకు, ఉన్నది ఉన్నట్టు రాయి. పుట్టినరోజు పూట చెప్పాలా వద్దా అన్నది మీ ఆయన్ని అడిగి తేల్చుకో.

ఈ ఆదివారం భోజనానికి వెళ్తావు కదా. మీ మామగారి అమ్మ పుట్టింటి పేరు, ఆవిడ పెళ్లయిన చర్చి, ఈ రెండూ అడిగి రాసుకో. ఏడాది సుమారుగా చెప్పినా చాలు. ముసలి మేనత్త ఉందన్నావు, వీలైతే ముందు ఆవిడ దగ్గరికే వెళ్లు. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టు, ఆవిడకి చెప్పే పెట్టు.

మావయ్య